ఫాదర్ మన గుడిసెలోకి వచ్చేవాడా? (చర్చీ – కులమూ: 7వ భాగం)



పోయిన భాగం చదివి కడప నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. డిగ్రీ అయిపోయింది, కథోలిక కుటుంబం. "అన్నా, పాస్టోరల్ మినిస్ట్రీ అని పీజీ చదువు ఉంటుందంట. అది ఫాదర్లకేనా, మనట్లాంటోళ్లు కూడా చదవచ్చా?" అని అడిగాడు. చదవచ్చు అని చెప్పాను. కానీ ఫోన్ పెట్టేశాక ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ చదువు వెనక మన జాతికి సంబంధించిన మూడు వందల ఏళ్ల కథ ఉంది. ఈ భాగం అదే.

ముందు మాట అర్థం చేసుకుందాం. పాస్టోరల్ మినిస్ట్రీ అంటే పూజ, ప్రసంగం మాత్రమే కాదు. రోగి మంచం పక్కన కూర్చోవడం, చావు ఇంట్లో ధైర్యం చెప్పడం, విడిపోయిన మొగుడూ పెళ్లాలతో మాట్లాడటం. చర్చి అడ్మినిస్ట్రేషన్ అంటే బడులు, హాస్టళ్లు, ఆసుపత్రులు, భూములు, చందాలు, వాటి లెక్కలు. మొదటిది గుడిసె గడప దగ్గర జరిగే పని. రెండోది బిషప్ బంగళాలో జరిగే పని. మన చరిత్ర అంతా ఈ రెండిటి మధ్య దూరమే.

1700 ప్రాంతంలో పాండిచ్చేరి నుంచి ఫ్రెంచి జెసూట్ ఫాదర్లు మన సీమలోకి వచ్చారు. దాన్ని కర్నాటక మిషన్ అన్నారు. పుంగనూరు, అనంతపురం వైపు కృష్ణాపురం వాళ్ల తొలి కేంద్రాల్లో ఉన్నాయి. వాళ్లు కాషాయం కట్టారు, మాంసం మానేశారు, బ్రాహ్మణ సన్యాసుల్లా బతికారు. పై కులాలు దగ్గరికి రానివ్వాలంటే అదొక్కటే దారి అనుకున్నారు. అనుకున్నట్టే కొన్ని రెడ్డి కుటుంబాలు జ్ఞానస్నానం తీసుకున్నాయి. 18వ శతాబ్దం నడుమ వాళ్లలో చాలామంది గుంటూరు సీమకు వలస పోయారు. ఫిరంగిపురం కథ అక్కడి నుంచే మొదలవుతుంది.

మరి ఆ సన్యాసి వేషంలో ఉన్న ఫాదర్, చావుబతుకుల్లో ఉన్న ఒక అంటరాని క్రైస్తవుడి గుడిసెలోకి పోయి అవస్థ అభ్యంగనం ఇవ్వగలడా? పోతే మైలపడతాడు. పై కులపోళ్లు రానియ్యరు. అందుకని రోగినే గుడిసె నుంచి బయటికి మోసుకొచ్చే పద్ధతి ఉండేది. చావబోయే మనిషిని మోసుకొచ్చేది! ఫాదర్ కులం చెడకుండా ఉండటానికి!

ఈ గొడవ రోమ్ దాకా పోయింది. 1704లో పోప్ దూత టూర్నన్ పాండిచ్చేరిలో ఒక ఆజ్ఞాపత్రం ఇచ్చాడు. అందులో ఉన్న ఆజ్ఞల్లో ఒకటి: పరియా రోగుల ఇంటికి పోయి సంస్కారాలు ఇవ్వడానికి ఫాదర్లు నిరాకరించకూడదు. పరియాలంటే ఆ దొరల భాషలో మనమే. నలభై ఏళ్లు వాదులాట నడిచింది. చివరికి 1744లో 14వ బెనెడిక్టు పోప్ తీర్పు ఇచ్చాడు. గుడిసెలోకి పోవాల్సిందే అన్నాడు. కానీ జెసూట్లు ఒక మధ్యేమార్గం చూపారు: అంటరానివాళ్లకు వేరే ఫాదర్లు, పై కులాలకు వేరే ఫాదర్లు. రోమ్ దానికి సరే అంది.

చూశారా? హక్కు ఇచ్చారు, గోడ కూడా కట్టారు. ఆ తర్వాత మన కోసం జరిగిన చాలా సంస్కరణలు ఇదే అచ్చులో పోసినవి.

తర్వాత మిల్ హిల్ ఫాదర్లు వచ్చారు. 1928లో నెల్లూరు మేత్రాసనం, దాన్నుంచి 1967లో కర్నూలు మేత్రాసనం, 1976లో కడప మేత్రాసనం ఏర్పడ్డాయి. ఈ కాలంలో మాలగేరి, మాదిగగేరిల్లో చర్చిని నిలబెట్టింది ఎవరు? ఉపదేశులు. ఫాదర్ నెలకో, రెండు నెలలకో ఒకసారి వచ్చేవాడు. మిగతా రోజులన్నీ ఉపదేశివే. జపాలు నేర్పేది ఆయనే, పలక మీద అక్షరాలు దిద్దించేది ఆయనే, పురుడు వచ్చినా పీనుగ లేచినా ముందు పోయేది ఆయనే.

మా అబ్బ ఉపదేశి. కలరా వచ్చిన ఇంట్లో కూడా రాత్రంతా కూర్చునేవాడని మా అవ్వ చెప్పేది. ఈ రోజు యూనివర్సిటీల్లో రెండేళ్ల కోర్సుగా చెప్పేది ఆ పనినే. ఆయనకు సర్టిఫికెట్ లేదు, పెన్షన్ లేదు, విచారణ లెక్కల పుస్తకం చూసే హక్కు అంతకన్నా లేదు. 2021 మే 10న ఫ్రాన్సిస్ పోప్ ఉపదేశి సేవను అధికారిక సేవగా ప్రకటించాడు. మా అబ్బ అప్పటికి మట్టిలో కలిసి ఎన్నో ఏళ్లయింది.

ఇప్పుడు షికాగో పోదాం. పూల అంతోని 1961లో, ఇప్పటి కర్నూలు మేత్రాసనం ప్రాంతంలో ఒక పేద దళిత కుటుంబంలో పుట్టాడు. 1992లో కడప మేత్రాసనానికి గురువయ్యాడు. బద్వేలు లాంటి విచారణల్లో పనిచేశాడు. 2001 నుంచి 2003 దాకా షికాగోలో ఉన్నాడు. అక్కడ ఆరోగ్య రంగంలో పాస్టోరల్ సేవ మీద మాస్టర్స్, లొయోలా యూనివర్సిటీలో థియాలజీ కోర్సులు చదివాడు. లొయోలా ఎవరిదో తెలుసా? జెసూట్లదే. మన రోగిని గుడిసె బయటికి మోయించిన ఆ సంఘం వాళ్ల యూనివర్సిటీలోనే మన గేరి బిడ్డ చదివాడు. అక్కడున్న ఆ రెండేళ్లలోనే రోగి మంచం పక్కన ఎట్లా కూర్చోవాలో పట్టా కోసం నేర్చుకున్నాడు.

ఆయన 2008లో కర్నూలు బిషప్, 2020లో హైదరాబాదు అగ్రపీఠాధిపతి, 2022 ఆగస్టు 27న కార్డినల్ అయ్యాడు. దళితుల్లో, తెలుగువాళ్లలో మొదటి కార్డినల్. 2025 మేలో కొత్త పోప్‌ను ఎన్నుకున్న వాళ్లలో ఆయనా ఒకడు. ఎన్నికైన 14వ లియో పుట్టింది షికాగోలోనే.

గర్వపడదాం. కానీ చప్పట్లు కొట్టి అక్కడే ఆగిపోతే మోసపోతాం.

1983 నాటి కథోలిక చట్టం, కానన్ లా, తీసి చూడండి. బిషప్ కావాలంటే బైబిల్ శాస్త్రంలోనో, థియాలజీలోనో, కానన్ లాలోనో డాక్టరేటు లేదా లైసెన్షియేట్ ఉండాలి, లేదంటే ఆ విషయాల్లో నిజమైన పట్టు ఉండాలి అంటుంది 378వ కానన్. వికార్ జనరల్‌కు కూడా దాదాపు ఇదే అర్హత, 478వ కానన్. మరి పై చదువుకు రోమ్‌కో, బెంగుళూరుకో, షికాగోకో ఏ ఫాదర్‌ను పంపాలో నిర్ణయించేది ఎవరు? బిషప్, ఆయన చుట్టూ ఉన్న నలుగురైదుగురు. అంటే ఇవాళ పంపిన వాడే ఇరవై ఏళ్ల తర్వాత కుర్చీలో కూర్చునేది. కులం ఇప్పుడు గడప దగ్గర కాపలా కాయాల్సిన పని లేదు. స్కాలర్‌షిప్ జాబితా దగ్గర కూర్చుంటే చాలు.

ఇది నా ఊహ కాదు. 2016 డిసెంబరులో భారత బిషప్పుల సమాఖ్య దళిత సాధికారత విధానం ప్రకటించింది. దేశంలోని 1.9 కోట్ల కథోలికుల్లో 1.2 కోట్ల మంది దళితులేనని, చర్చిలో అంటరానితనం ఉందని ఆ పత్రంలో వాళ్లే ఒప్పుకున్నారు.

కుర్చీలో దళితుడు కూర్చుంటే అన్నీ సర్దుకుంటాయా? అదీ లేదు. అదే ఏడాది ఏప్రిల్ 25న కడప బిషప్ గల్లెల ప్రసాద్‌ను అపహరించి, కొట్టి, డబ్బు అడిగి, మర్నాడు వదిలేశారు. పోలీసులు అరెస్టు చేసిన 14 మందిలో ముగ్గురు ఫాదర్లు. డబ్బు కోసమా, కులం కోసమా అని అప్పట్లో పత్రికల్లో పెద్ద చర్చ నడిచింది. నా మాట ఒకటే: లెక్కలు నలుగురి చేతుల్లో మూసిపెట్టిన చోట డబ్బునూ కులాన్నీ విడదీయలేం.

అందుకే ఆ తమ్ముడికి మళ్లీ ఫోన్ చేసి మూడు మాటలు చెప్పాను.

ఒకటి, చదువు. ఫాదర్ అయినా కాకపోయినా చదువు. ఆడపిల్లలైతే ఇంకా చదవాలి. మన గేరిల్లో జపమాల నడిపేది వాళ్లే, కమిటీల్లో కనపడనిదీ వాళ్లే.

రెండు, చట్టం నేర్చుకో. ప్రతి విచారణలో ఆర్థిక సలహా సంఘం ఉండాలి అంటుంది 537వ కానన్. విశ్వాసులు ఇచ్చిన సొమ్ముకు విశ్వాసులకు లెక్క చెప్పాలి అంటుంది 1287వ కానన్. ఆదివారం పూజ అయ్యాక మర్యాదగా అడుగు, "ఫాదర్, మన విచారణ సంఘంలో ఎవరెవరున్నారు?" అని.

మూడు, పై చదువులకు ఎవరిని పంపుతున్నారో జాబితా అడుగు. అందులో దళితులెందరో, దళితుల్లో మాలలెందరో, మాదిగలెందరో కూడా అడుగు. మనలో మనకున్న గోడను దాచిపెట్టి బయటి గోడ గురించి మాట్లాడితే ఎవరూ నమ్మరు.

1704లో మన ప్రశ్న, ఫాదర్ మన గుడిసెలోకి వస్తాడా అని. ఆయన వచ్చాడు. ఇప్పుడు మన ప్రశ్న, బిషప్ బంగళాలో లెక్కల పుస్తకం తెరిచే గదిలోకి మనం ఎప్పుడు పోతాం అని.

వచ్చే భాగంలో: 1950 రాష్ట్రపతి ఉత్తర్వు, బీసీ-సీలో ఒక్క శాతం. జ్ఞానస్నానం తీసుకుంటే కులం పోలేదు కానీ రిజర్వేషన్ మాత్రం ఎట్లా పోయిందో చూద్దాం. మీ ఊరి ఉపదేశుల పేర్లు, వాళ్లు చేసిన పనులు కామెంట్లలో రాయండి. ఆ పేర్లు ఏ రిజిస్టర్‌లోనూ లేవు. ఇక్కడన్నా ఉండనీ.