వాసవి

వాసవి తెలుగునాట ఆడపిల్లలకు పెట్టే పేరు. వాసవుడంటే ఇంద్రుడు, ఆయనకు చెందినది వాసవి అని సంస్కృత వ్యుత్పత్తి. మహాభారతంలో ఉపరిచర వసువు కూతురైన సత్యవతికీ ఈ పేరుంది. అయితే తెలుగువారికి ఈ పేరు వినగానే తోచేది ఇంద్రుడూ కాదు, సత్యవతీ కాదు, పెనుగొండ కన్యక.

పశ్చిమ గోదావరి జిల్లా పెనుగొండలో కుసుమశ్రేష్ఠి, కుసుమాంబలకు పుట్టిన వాసవి, తనను బలవంతంగా పెళ్లాడజూసిన విష్ణువర్ధనుడికి లొంగక అగ్నిప్రవేశం చేసిందని కథ. 102 గోత్రాల వారు ఆమె వెంట నడిచారంటారు. చరిత్ర కన్నా పురాణానికే దగ్గరైన ఈ కథ ఆమెను ఆర్యవైశ్యుల కులదేవత కన్యకాపరమేశ్వరిని చేసింది. గురజాడ ‘కన్యక’కూ ఇదే మూలం. వైశాఖ శుద్ధ దశమిని వాసవీ జయంతిగా జరుపుతారు.

కడప జిల్లాలో ఈ పేరుకు పట్టుకొమ్మ ప్రొద్దుటూరు. బంగారం, బట్టల వ్యాపారానికి పేరుపడ్డ ఆ ఊళ్లో కన్యకాపరమేశ్వరి గుడిని అమ్మవారిశాల అంటారు. అక్కడి దసరాకు మైలవరం, జమ్మలమడుగు, పులివెందుల వైపు నుంచీ జనం వస్తారు. అమ్మవారిని కరెన్సీ నోట్లతో అలంకరించడం ప్రత్యేక ఆకర్షణ.

పిల్లలకు కన్యక, పరమేశ్వరి, కన్యకాపరమేశ్వరి అనీ పెడతారు. వీటికన్నా వాసవి పలకడానికి తేలిక. అందుకే కాబోలు, వైశ్యేతర కుటుంబాల్లోనూ వినిపిస్తుంది. హైదరాబాదులో 1981లో మొదలైన వాసవి ఇంజనీరింగ్ కళాశాలదీ ఈ పేరే.