మండువ నుంచి కాంపౌండు దాకా: కల్లు తాగే చోటు కథ

గీతకారులు చెట్ల మీంచి దించిన కల్లును ఊళ్లో పోసి అమ్మే చోటును తెలంగాణ పల్లెల్లో కల్లు మండువ అంటారు. కోస్తాలో అది కల్లు పాక, హైదరాబాదులో కల్లు కాంపౌండు, దక్కనీ ఉర్దూలో సేంధీఖానా. పేర్లు వేరైనా వీటన్నిటికీ మూలం ఒక్కటే: కల్లు నిలవ ఉండదు. సారాను, బ్రాందీని సీసాలో పోసి ఎంత దూరమైనా పంపవచ్చు, ఏళ్ల తరబడి దాచవచ్చు. కల్లు దించిన రోజే చెల్లిపోవాలి. అందుకే తాగేవాడే చెట్టున్న చోటికి నడిచి వచ్చేవాడు. రోజూ అదే వేళకు, అదే చెట్ల కిందికి, అవే ముఖాలు చేరేవి. మండువ అలా ఏర్పడింది.

తెలుగు నేల మీద కల్లు ముఖ్యంగా తాటి, ఈత చెట్ల నుంచి వస్తుంది. అడవి ప్రాంతాల్లో జీలుగు కల్లు కూడా ఉంది. తాటిచెట్టు గెలను కట్టి, కొనను రోజూ పలచగా చెక్కి, కింద లొట్టి అనే మట్టికుండ కడతారు. ఈతచెట్టుకైతే మొవ్వు కింద కాండాన్ని గీస్తారు. బొట్టుబొట్టుగా కారే రసం మొదట తియ్యటి నీరే. లొట్టి లోపల సున్నం పూస్తే అది పులవకుండా నీరాగా ఉంటుంది. పూయకపోతే గాలిలోనూ లొట్టిలోనూ ఉండే ఈస్టు వెంటనే పని మొదలుపెట్టి, చక్కెరను ఆల్కహాలుగా మారుస్తుంది. కొన్ని గంటల్లో ఆల్కహాలు 4, 5 శాతానికి చేరుతుంది. మర్నాటికి పులుపు ముదిరి, చివరికి అది వినెగరు దారి పడుతుంది. అందువల్ల పొద్దటి కల్లుకూ మాపటి కల్లుకూ రుచి వేరు. పోతుతాడు (మగ తాటి) కల్లు ఏదో, పండుతాడు (ఆడ తాటి) కల్లు ఏదో పాత గిరాకీలు ఒక్క గుక్కలో చెప్పేవారు.

చెట్టెక్కేవాడి పని ప్రాణాపాయంతో కూడుకున్నది. నడుముకు ముస్తాదు, చెట్టును చుట్టి మోకు, కాళ్లకు గుజి, చేతికి గీతకత్తి తీసుకుని రోజుకు రెండు పూటలా అన్ని చెట్లూ ఎక్కి దిగాలి. మోకు జారినా, వానకు మాను తడిసినా పడిపోయే ప్రమాదం ఉంది. ఈ వృత్తి తెలంగాణలో గౌడులది, గోదావరి జిల్లాల్లో శెట్టిబలిజలది, రాయలసీమలో ఈడిగలది, ఉత్తరాంధ్రలో యాత, శ్రీశయన కులాలది. తెలంగాణ గౌడులు కాటమయ్యను కులదైవంగా కొలుస్తారు. గ్రామదేవతల కొలుపుల్లో, బోనాల్లో కల్లును సాకగా పోయడం ఇప్పటికీ ఉంది.

మద్యశాలను రాజ్యం కనిపెట్టి ఉండటం చాలా పాత సంగతి. కౌటిల్యుడి అర్థశాస్త్రం సురాధ్యక్షుడనే అధికారికి ఒక అధ్యాయమే కేటాయించింది. పానశాలలో వేరువేరు గదులు, ఆసనాలు, పడకలు ఉండాలని చెప్పింది. అక్కడ ఎవరు మామూలుగా ఎంత ఖర్చు పెడతారో, ఎవరు ఉన్నట్టుండి ఎక్కువ ఖర్చు చేస్తున్నారో, కొత్తగా వచ్చినవారెవరో గూఢచారులు గమనించాలని కూడా విధించింది. రోజూ వచ్చేవాడికీ కొత్తవాడికీ మధ్య తేడా పట్టుకోగలిగితే ఊరి గుట్టు తెలుస్తుందని రాజ్యానికి అప్పుడే తెలుసు.

పల్లె మండువకు గోడలు ఉండవు. నాలుగు చెట్ల నీడ, ఒక గుడిసె, వరసగా పెట్టిన కుండలు, అంతే. తాగేవాళ్లు గొంతుక్కూర్చుని తాటాకును దోనెలా మలిచిన రేక పడతారు. గౌడు ఎత్తి పోస్తాడు. ఒకరి ఎంగిలి ఇంకొకరికి తగలదు. రోజూ ఒకే గౌడు దగ్గర తాగే ఏర్పాటు వాడిక. వాడికవాళ్లకు లెక్క ఏ పూటకాపూట తేలనక్కరలేదు, పంట చేతికొచ్చాక ధాన్యంగా ముట్టజెప్పినా చెల్లేది. కూలికి మనుషులను మాట్లాడుకోవడం, ఎద్దుల బేరం, పెళ్లి సంబంధం, గట్టు తగాదా, ఇవన్నీ అక్కడే నడిచేవి. అన్నా, మామా, బావా అనే వరసలతోనే మాట సాగేది. అయితే ఊళ్లోని కులభేదం మండువ దాకా వచ్చేది. దళితులు ఎడంగా కూర్చుని తాగవలసి వచ్చిన ఊళ్లు ఎన్నో. ఆడవాళ్లు కల్లు తాగడం మాత్రం తెలంగాణలో తప్పు కాలేదు. నాట్లు వేసి వచ్చిన కూలితల్లులు ఒళ్లునొప్పులకని తాగేవారు.

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ చెట్లు ఖజానాకు పెద్ద రాబడి అయ్యాయి. బ్రిటిషు పాలనలో ఉన్న కోస్తా, రాయలసీమల్లో 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం కింద గీసే చెట్టుకు పన్ను, అమ్మే దుకాణానికి వేలం వచ్చాయి. నిజాం రాజ్యంలో ఆబ్కారీ హక్కులు గుత్తేదార్ల చేతుల్లో ఉండేవి. చెట్టెక్కేవాడు ఒకడు, లాభం తీసేవాడు మరొకడు అయ్యారు. పైగా దొరల గడీలకు గీతకారులు వెట్టిగా కల్లు పోయాల్సి వచ్చేది. 1946 నుంచి 1951 వరకు సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో గీతకారులు పెద్ద సంఖ్యలో నిలబడటానికి ఈ వెట్టి ఒక కారణం.

మద్యనిషేధం ఆంధ్ర ప్రాంతానికి వేరే చరిత్ర రాసింది. రాజాజీ ప్రభుత్వం 1937లో సేలం జిల్లాలో మొదలుపెట్టిన నిషేధం మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చింది. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతటా అమలైంది. గీత వృత్తి ఒక్కసారిగా నేరమైంది. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక గీతకారుల తరఫున గౌతు లచ్చన్న గట్టిగా పోరాడారు. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం నిషేధం విషయం మీదనే అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1955లో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. తెలుగువాళ్ల మొదటి రాష్ట్ర ప్రభుత్వాన్ని దించినది కల్లు సమస్య. హైదరాబాదు రాజ్యంలో ఇలాంటి నిషేధం లేదు. తెలంగాణలో మండువ బయట నిలబడటానికి, కోస్తాలో చాటుకు పోవడానికి ఈ తేడాయే ముఖ్య కారణం.

గుత్తేదారును తప్పించి చెట్టును గీతకారుడికే ఇవ్వాలన్నది తర్వాతి కాలపు పోరాటం. బొమ్మగాని ధర్మభిక్షం ఇందుకోసం గీత పనివారల సంఘాన్ని నడిపారు. గీత సహకార సంఘాలు ఏర్పడ్డాయి. గీసేవాడికే చెట్టు అన్న పద్ధతిలో విడివిడిగా లైసెన్సులు కూడా వచ్చాయి.

హైదరాబాదు పెరిగేకొద్దీ పల్లెల నుంచి కూలీలు వచ్చారు, వాళ్లతో మండువ అలవాటూ వచ్చింది. నగరంలో అది కాంపౌండు అయింది. సందులోంచి లోపలికి పోతే చుట్టూ ప్రహరీ, మధ్యలో విశాలమైన ఆవరణ, రేకుల పందిరి, బెంచీలు. రేక పోయి సీసా, గ్లాసు వచ్చాయి. గేటు దగ్గర గుడాలు, పల్లీలు, బోటీ, వేయించిన చేపలు అమ్మేవాళ్లు చేరారు. రిక్షా తొక్కేవాళ్లు, మేస్త్రీలు, హమాలీలు, రాళ్లు మోసే ఆడవాళ్లు పనిదిగి నేరుగా అక్కడికే వచ్చేవారు. బార్లలో ఆడవాళ్లకు చోటు లేని కాలంలో కూడా కాంపౌండులో ఆలుమగలు పక్కపక్కన కూర్చుని తాగారు. రేపటి పని ఎక్కడుందో, ఏ మేస్త్రీ కూలి ఎగ్గొడతాడో, ఏ బస్తీలో గది దొరుకుతుందో అక్కడే తెలిసేది. ఒకే జిల్లావాళ్లు ఒకే మూలన కూర్చునేవారు. కొత్తగా నగరానికి వచ్చినవాడు ఆ మూలకు చేరితే తన ఊరి యాస వినిపించేది. నాలుగు రోజులు కనిపించకపోతే ఇల్లు వెతుక్కుంటూ పోయేవాళ్లు కూడా ఆ సావాసంలోనే దొరికారు.

నగరం చుట్టూ ఉన్న ఈత, తాటి వనాలు ప్లాట్లుగా మారడంతో చెట్టుకూ తాగేవాడికీ మధ్య దూరం పెరిగింది. ఒక్క రోజులో పులిసే కల్లును దూరం నుంచి తెచ్చి వందల మందికి పోయడం కష్టమైంది. ఆ లోటును కల్తీ నింపింది. నీళ్లలో క్లోరల్ హైడ్రేటు, డైజీపామ్, అల్ప్రాజోలమ్ లాంటి మత్తుమందులు, తీపికి శాకరిన్ కలిపిన సరుకు కల్లు పేరుతో అమ్ముడయింది. దగ్గరలో చెట్లే లేనప్పుడు ఇంత కల్లు ఎక్కడిదన్న ప్రశ్న మీదనే 2004 తర్వాత నగరంలో దుకాణాలు మూతపడ్డాయి. 2014 దసరాకు తెలంగాణ ప్రభుత్వం వాటిని తిరిగి తెరిపించింది. 2015లో కల్తీ మీద దాడులు పెరిగి మందు కలిపిన కల్లు దొరక్కపోయేసరికి, నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో ఎందరో మూర్ఛలతో, పిచ్చిచూపులతో ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. చెట్టు కళ్లెదుట ఉన్నప్పుడు గౌడు మోసం చేయడం కష్టం, ఎందుకంటే ఏ చెట్టు ఎంత పారుతుందో తాగేవాళ్లకు తెలుసు. కాంపౌండులో ఆ తనిఖీ పోయింది.

2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. పులవని రసాన్ని చల్లగా ఉంచి అమ్మే ప్రయత్నమది. గీత వృత్తికి కొత్త బతుకు చూపే ఈ దారి మంచిదే, కాని అది మండువకు బదులు కాదు. గౌడు తానే దించి తానే పోసే ఊళ్లు తెలంగాణలో ఇంకా ఉన్నాయి. అక్కడ పొద్దు వాలే వేళకు చెట్ల కింద వాడికవాళ్లు కూర్చునే ఉంటారు, లొట్టి దిగిన చెట్టు వాళ్ల కళ్లెదుటే ఉంటుంది.