నమోదులో పేరు, వాహనంపై స్వామ్యం: ఒక చట్టపదం చరిత్ర

తెలుగునాట పాత కారో, మోటారు సైకిలో చేతులు మారేటప్పుడు కొనేవాడు మొదట అడిగే ప్రశ్న "సి బుక్ ఎవరి పేరున ఉంది?" అని. ఆ పేరు గలవాడే యజమాని అన్నది లోకవ్యవహారం. బ్రిటన్‌లో ఇటువంటి పత్రం మీదనే, ఇది స్వామ్యానికి రుజువు కాదని అచ్చువేసి మరీ ఇస్తారు. అందులో పేరున్న వ్యక్తిని అక్కడి చట్టం 'ఓనర్' అనదు, 'రిజిస్టర్డ్ కీపర్' అంటుంది. ఒకే వాహనానికి ఈ ఇద్దరూ ఒకరే కావచ్చు, వేర్వేరు వ్యక్తులూ కావచ్చు. కంపెనీ సొమ్ముతో కొన్న కారు ఉద్యోగి పేరున, తండ్రి కొన్న కారు కుమార్తె పేరున నమోదై ఉండటం అక్కడ సాధారణం. ఈ విభజన ఎలా ఏర్పడింది, దాని వల్ల ఎవరు నష్టపోయారు, భారతీయ చట్టం దీనికి భిన్నమైన దారిని ఎందుకు పట్టింది అన్నవి ఈ వ్యాసంలో పరిశీలనాంశాలు.

'కీపర్' అన్న మాటకు తెలుగులో సరైన సమానార్థకం లేదు. 'సంరక్షకుడు' అంటే మైనరు పిల్లల బాధ్యత వహించేవాడు స్ఫురిస్తాడు. 'ఉంచుకొన్నవాడు' అంటే స్ఫురించే అర్థాన్ని వివరించనక్కర లేదు. ఈ వ్యాసంలో 'నమోదిత ధారకుడు' అన్న మాటను వాడటమైనది. ధరించడంలో చేత కలిగి ఉండటమూ, భారం మోయటమూ రెండూ ఉన్నాయి గనుక ఈ మాట కొంతవరకు పొసగుతుంది. 'యజమాని' శబ్దం ఇందుకు విరుద్ధమైనది. అది 'యజమాన' శబ్దం నుంచి వచ్చింది. ఋత్విక్కులు శ్రమించినా యజ్ఞఫలం యజమానిదే. యజమాని ఫలానికి హక్కుదారు. ధారకుడు బాధ్యతకు చిరునామా.

పత్రానికీ హక్కుకూ మధ్య ఉన్న ఈ ఎడం మన ధర్మశాస్త్రానికి కొత్తది కాదు. యాజ్ఞవల్క్య స్మృతి వ్యవహారాధ్యాయం లిఖితం, భుక్తి, సాక్షులు అనే మూడింటిని ప్రమాణాలుగా చెప్పింది. లిఖితం అక్కడ స్వత్వానికి సాక్ష్యమే గాని స్వత్వం కాదు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షరా వ్యాఖ్యను 13వ శతాబ్దిలో కేతన తెనిగించాడు. పహాణీలో పట్టాదారుకు ఒక గడి, అనుభవదారుకు మరొక గడి ఉండటం చూసిన తెలుగువారికి ఈ భేదం అనుభవంలోనిదే. అయితే భూమి కదలదు. వాహనం కదులుతుంది, ఢీకొంటుంది, పారిపోతుంది. వాహన నమోదు చరిత్ర అక్కడే భూమి రికార్డుల చరిత్ర నుంచి వేరుపడుతుంది.

బ్రిటన్‌లో వాహన నమోదును తప్పనిసరి చేసినది 1903 నాటి మోటార్ కార్ చట్టం. 1904 జనవరి 1 నుంచి ప్రతి కారునూ కౌంటీ కౌన్సిల్ వద్దనో, కౌంటీ బరో కౌన్సిల్ వద్దనో నమోదు చేయించి, సంఖ్యాఫలకం తగిలించవలసి వచ్చింది. రుసుము కారుకు 20 షిల్లింగులు, మోటారు సైకిలుకు 5 షిల్లింగులు. గంటకు 20 మైళ్ల వేగపరిమితిని విధించినదీ ఈ చట్టమే. ఈ రెండు నిబంధనలూ ఒకే చట్టంలో చోటు చేసుకోవటం యాదృచ్ఛికం కాదు. దుమ్ము రేపుకొంటూ దూసుకుపోయిన బండిని తరువాతనైనా గుర్తుపట్టాలంటే దానికొక సంఖ్య ఉండాలి, ఆ సంఖ్య వెనుక ఒక మనిషి ఉండాలి. నేరం జరిగినపుడు నడిపినదెవరో గుర్తించటానికి తోడ్పడే సమాచారం ఇవ్వవలసిన బాధ్యతను ఆ చట్టం కారు సొంతదారు మీద పెట్టింది. అంటే పట్టికలో పేరు పుట్టినది ఆస్తిని కాపాడటానికి కాదు, మనిషిని పట్టుకోవటానికి. తరువాతి గందరగోళానికంతటికీ మూలం ఇదే. పోలీసుల అవసరం కోసం పుట్టిన జాబితాను సంత తన అవసరానికి హక్కుపత్రంగా చదువుకొన్నది.

1920 నాటి రోడ్ల చట్టంతో పన్ను వసూలు ఈ జాబితాకు తోడైంది. 1921 నుంచి ప్రతి వాహనానికీ ఒక నమోదు పుస్తకం వచ్చింది. జనం దానిని 'లాగ్‌బుక్' అన్నారు. అది చేతిలో లేకుండా పాత కారు అమ్ముడుపోవటం కష్టమైంది. పుస్తకం మీద మాత్రం, ఇందులో పేరున్న వ్యక్తి చట్టరీత్యా సొంతదారు కావచ్చు, కాకపోవచ్చు అన్న హెచ్చరిక ఉండేది. కొనేవారు ఎందరు దానిని చదివి ఆగి ఉంటారన్నది ఊహించదగినదే.

ఈ హెచ్చరికకూ సంత నమ్మకానికీ మధ్య ఘర్షణ వాయిదా కొనుగోళ్లు పెరిగిన కొద్దీ న్యాయస్థానాలకు ఎక్కింది. 1950లో పియర్సన్ కేసులో, ఒకాయన తన కారుకు ఎంత ధర పలుకుతుందో కనుక్కోమని వ్యాపారికి అప్పగించాడు. వ్యాపారి మాయ చేసి లాగ్‌బుక్కు కూడా చేజిక్కించుకొని కారును అమ్మేశాడు. పుస్తకం సొంతదారు సమ్మతితో చేతికి రాలేదు కాబట్టి ఆ అమ్మకం చెల్లదని అప్పీలు కోర్టు తీర్పు. ఇక్కడ పుస్తకం హక్కుపత్రం కాదంటూనే, అది లేని కారు అమ్మకానికి అసంపూర్ణ వస్తువన్నట్టుగా న్యాయమూర్తులు తర్కించారు. 1956 నాటి సెంట్రల్ న్యూబరీ కేసు మరింత చిక్కైనది. ఒక మోసగాడు వాయిదాల మీద కొంటానని దరఖాస్తు పెట్టి, ఫైనాన్స్ కంపెనీ అంగీకరించక ముందే డీలరు నుంచి కారునూ లాగ్‌బుక్కునూ తీసుకుపోయి మరొకరికి అమ్మాడు. లాగ్‌బుక్కు హక్కుపత్రం కాదు గనుక దానిని అప్పగించినంత మాత్రాన డీలరు తన స్వామ్యాన్ని కోల్పోడని ఇద్దరు న్యాయమూర్తులు నిర్ణయించారు. డెన్నింగ్ విభేదించాడు. కారునూ పుస్తకాన్నీ కలిపి అపరిచితుడి చేతిలో పెట్టి మోసానికి వీలు కల్పించినవాడే నష్టాన్ని భరించాలన్నది ఆయన వాదసారం. చట్టదృష్టిలో ఓడినా, సంతలో మనుషులు ఎలా ప్రవర్తిస్తారో బాగా ఎరిగినది ఆయన అభిప్రాయమే అనిపిస్తుంది.

1964 నాటి హైర్ పర్చేజ్ చట్టం మూడవ భాగం సద్బుద్ధితో, అప్పు సంగతి తెలియక కొన్న ప్రైవేటు వ్యక్తికి కొంత రక్షణ ఇచ్చింది. అది కూడా సంపూర్ణం కాదు. 2003లో షోగన్ ఫైనాన్స్ కేసులో, మోసగాడు వేరొకరి పేరుతో ఒప్పందం రాసి కారు తీసుకొని అమ్మాడు. ఆ ఒప్పందంలో అతడు పక్షమే కాడు గనుక అతని దగ్గర కొన్నవారికి చట్టరక్షణ వర్తించదని హౌస్ ఆఫ్ లార్డ్స్ 3-2 ఆధిక్యంతో తేల్చింది. నిజాయితీగా డబ్బు చెల్లించిన కొనుగోలుదారు కారుకు హక్కుదారు కాలేకపోయాడు.

1969 నాటి చట్టంతో నమోదు అధికారం కౌన్సిళ్ల నుంచి కేంద్రానికి మారింది. స్వాన్సీలోని కంప్యూటర్ కేంద్రం 1974 నుంచి ఆ పని చేపట్టింది. అప్పటి నుంచి ధారకుడి హక్కులు పెరగలేదు, బాధ్యతలు పెరిగాయి. 1988 నాటి రోడ్డు ట్రాఫిక్ చట్టం 172వ సెక్షన్ ప్రకారం, నడిపినది ఎవరో చెప్పవలసిందిగా పోలీసులు అడిగితే ధారకుడు చెప్పి తీరాలి. తనే నడిపి ఉంటే, తనమీద తానే సాక్ష్యం చెప్పుకోవటం అవుతుంది కదా అన్న అభ్యంతరంతో ఇద్దరు బ్రిటిష్ వాహనదారులు యూరోపియన్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళ్లారు. 2007లో 15-2 ఆధిక్యంతో ఆ న్యాయస్థానం వారి వాదనను తిరస్కరించింది. వాహనాన్ని ఉంచుకొని నడపటానికి సిద్ధపడినవారు దానితో వచ్చే బాధ్యతలనూ అంగీకరించినట్లేనని దాని తర్కం. 2012 నాటి ప్రొటెక్షన్ ఆఫ్ ఫ్రీడమ్స్ చట్టం నాలుగవ షెడ్యూలు, ఇంగ్లండు, వేల్సులలో ప్రైవేటు స్థలంలోని పార్కింగు బాకీని కూడా, నడిపినవారి పేరు చెప్పని పక్షంలో, కొన్ని షరతులపై ధారకుడి నుంచి వసూలు చేయటానికి వీలు కల్పించింది.

భారతదేశంలో 1939 నాటి మోటారు వాహనాల చట్టం 'ఓనర్' నిర్వచనంలో నమోదు పేరు ప్రస్తావన లేదు. వాయిదా ఒప్పందం ఉన్నచోట వాహనం ఎవరి స్వాధీనంలో ఉంటే అతడే సొంతదారు అన్నది. 1988 నాటి చట్టం 2(30) సెక్షన్ దీనిని తిరగరాసింది. ఎవరి పేరున వాహనం నమోదై ఉన్నదో ఆ వ్యక్తే 'ఓనర్'. వాయిదా, లీజు, తాకట్టు ఒప్పందాలున్నచోట స్వాధీనంలో ఉంచుకొన్నవాడు. బ్రిటన్‌లో రెండు మాటలుగా విడిపోయినది ఇక్కడ ఒకే మాటలో ఇమిడింది. కాని 1930 నాటి సరుకుల విక్రయ చట్టం మారలేదు. దాని ప్రకారం సరుకుపై హక్కు పక్షాలు ఉద్దేశించినపుడే కొనుగోలుదారుకు సంక్రమిస్తుంది. దీని ఫలితంగా డబ్బు పుచ్చుకొని బండి అప్పగించినవాడు ఒక చట్టం దృష్టిలో సొంతదారు కాడు, మరొక చట్టం దృష్టిలో సొంతదారుగానే మిగులుతాడు.

ఈ వైరుధ్యం కొందరి జీవితాలను తాకింది. 2008లో గోదావరి ఫైనాన్స్ కంపెనీ కేసులో, నమోదు పుస్తకంలో కంపెనీ పేరు ఉన్నా వాహనం అప్పు తీసుకొన్నవారి స్వాధీనంలో ఉన్నందున ప్రమాద పరిహారానికి కంపెనీ బాధ్యత వహించనక్కర లేదని సుప్రీంకోర్టు అన్నది. 2018లో నవీన్ కుమార్ కేసులో కారు వరుసగా పలువురి చేతులు మారింది, పేరు మాత్రం మారలేదు. ప్రమాద బాధితులకు పరిహారం చెల్లించవలసినది నమోదులో పేరున్నవాడేనని అదే కోర్టు నిర్ణయించింది. ఎవరు ఎవరికి అమ్మారో తవ్వుకొంటూ బాధితులు తిరగవలసిన దుస్థితి రాకూడదన్నది ఆ తీర్పు ఆశయం. ఆ ఆశయం న్యాయమైనదే. అయితే దాని మూల్యం చెల్లించేది తరచు ఫారాల మీద సంతకం చేసి ఇచ్చి, మిగిలిన పని కొన్నవాడు చూసుకొంటాడని నమ్మిన సామాన్యుడు. అమ్మినవాడు 14 రోజుల్లో తెలియజేయాలని 50వ సెక్షన్ చెబుతున్నా, ఆచరణలో ఆ పని కొనుగోలుదారుకో, మధ్యవర్తికో వదిలివేయటం అలవాటైంది.

పాత వాహనాల వ్యాపారి చేతిలో బండి నెలల తరబడి ఉన్నపుడు ఈ చిక్కు మరీ ఎక్కువ. అందుకే 2022 డిసెంబరులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను సవరించి, 2023 ఏప్రిల్ 1 నుంచి అధీకృత డీలరు అనే వర్గాన్ని ఏర్పరచారు. వాహనం అప్పగించిన సంగతి తెలియజేసిన తరువాత, అది మరొకరికి అమ్ముడయ్యేదాకా ఆ డీలరునే సొంతదారుగా భావించాలి. అతడి పేరు మీదికి నమోదు మారనక్కర లేదు, స్వామ్యం అతడిదై ఉండనూ అక్కర లేదు. బ్రిటిష్ చట్టం 'కీపర్' అని పిలిచే వ్యక్తికి చాలా దగ్గరివాడైన ఇతణ్ణి కూడా భారతీయ నిబంధన 'ఓనర్' అన్న పాత మాటతోనే పిలిచింది, ముందు 'భావించబడే' అన్న విశేషణం మాత్రం చేర్చింది.