అరకు కాఫీ: ధర కంటే ముందు భూమి

అరకు కాఫీ అనగానే 2019లో వచ్చిన భౌగోళిక గుర్తింపు గుర్తుపెట్టుకుంటాం. ప్రిలిమ్స్‌కు అది చాలు. మెయిన్స్‌లో అడిగేది వేరు: కొండమీద పండిన పంటకు ధర ఎవరు నిర్ణయిస్తారు? ఆ ధర ఊరిని నిలబెడుతుందా?

కాఫీ మొక్క కాపుకు రావడానికి మూడు, నాలుగేళ్లు పడుతుంది. రేపు ఉంటుందో లేదో తెలియని భూమిలో ఎవరూ కాఫీ నాటరు. కాబట్టి కథను చట్టాలతో మొదలుపెట్టండి. వడ్డీ వ్యాపారుల చేతికి మన్యం భూములు పోతుంటే 1917లో ఏజెన్సీ చట్టం వచ్చింది. తర్వాత 1959 నిబంధన, దాన్ని బిగించిన 1/70. సంతలో తూకం షావుకారు చేతిలో ఉండకూడదని 1956లో గిరిజన సహకార సంస్థ (జీసీసీ) ఏర్పడింది.

ఈ కొండల్లో కాఫీ 19వ శతాబ్దం చివర్లో బ్రిటిష్‌వారి ద్వారా వచ్చింది. స్వాతంత్ర్యం తర్వాత ఐటీడీఏ, కాఫీ బోర్డు దాన్ని పోడుకు ప్రత్యామ్నాయంగా విస్తరించాయి. కాఫీకి నీడ కావాలి, నీడకు చెట్టు ఉండాలి. సిల్వర్ ఓక్ మీద మిరియాల తీగ రెండో ఆదాయం. అంటే ఇక్కడ అడవి నిలిస్తేనే ఆదాయం.

ఇప్పుడు ప్రపంచం వైపు చూడండి. 1962 అంతర్జాతీయ కాఫీ ఒప్పందంలోని కోటాలు 1989లో రద్దు కాగానే ధరలు కూలాయి. అంతకు ఏడాది ముందే నెదర్లాండ్స్‌లో ‘మాక్స్ హవెలార్’ ముద్రతో న్యాయ వాణిజ్యం మొదలైంది. కనీస ధర ఒకటి, సంఘం ఉమ్మడిగా ఖర్చుపెట్టుకునే అదనపు సొమ్ము మరొకటి: దాని పద్ధతి ఇదే. ముద్ర ఏదైనా, సంఘం లేని ఒంటరి రైతుకు బేరమాడే బలం ఉండదు. అరకులో నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో గిరిజన రైతులు పరస్పర సహాయక సహకార సంఘంగా ఏర్పడ్డారు. 2017లో ఆ కాఫీకి పారిస్‌లో దుకాణం తెరుచుకుంది.

పోలిక కోసం సరిహద్దు దాటి బస్తర్‌లోని చింతలనార్ వైపు వెళ్లండి. అక్కడి బతుకు తునికాకు, ఇప్పపువ్వు, చింతపండు. 1996 పెసా, 2006 అటవీ హక్కుల చట్టం ఈ ఫలసాయంపై హక్కు ఇచ్చాయి. కానీ దశాబ్దాల సంఘర్షణ నడిచిన చోట గ్రామసభ కూర్చోవడమే కష్టం. హక్కు కాగితం మీద ఉండి సంఘం లేకపోతే, ధర మళ్లీ కొనేవాడి మాటే.

జవాబులో ఈ వరుస పాటించండి: భూమి, సంఘం, ధర. చివరిదాన్ని మాత్రమే రాస్తే అది కాఫీ ప్రకటన అవుతుంది, చరిత్ర కాదు.

సాధన ప్రశ్న: ‘గిరిజన ప్రాంతాల్లో న్యాయమైన ధర భూహక్కులపై ఆధారపడి ఉంటుంది.’ అరకు, బస్తర్ ఉదాహరణలతో చర్చించండి.