హాలోవీన్ గది అలంకరణ: చరిత్ర

ఏటా అక్టోబరు 31 రాత్రి జరిగే హాలోవీన్ కోసం ఇంట్లో గదిని గుమ్మడికాయ దీపాలు, నారింజ, నలుపు రంగుల కాగితపు తోరణాలు, అస్థిపంజరాలు, మంత్రగత్తెలు, నల్ల పిల్లులు, గబ్బిలాలు, సాలెగూళ్లతో ముస్తాబు చేసే ఆచారం ప్రధానంగా అమెరికాలో రూపు దిద్దుకుని ఇతర దేశాలకు వ్యాపించింది. పండుగ మూలాలు ఐర్లండ్, స్కాట్లండ్‌లలో ఉన్నాయి. వాటి వయసు శతాబ్దాలు. గది అలంకరణ వయసు మాత్రం సుమారు నూటయాభై ఏళ్లే. ఈ రెండు వయసులనూ ఒకటిగా లెక్కగట్టడం వల్లే కొందరు దీన్ని ప్రాచీన కర్మకాండగా పూజ్యభావంతో చూస్తున్నారు, మరికొందరు అదే కారణంతో భయపడుతున్నారు. దొరుకుతున్న ఆధారాలు వేరే కథ చెబుతున్నాయి. ఆరుబయట అల్లరిగా సాగిన ఒక రాత్రిని ఇంటి కప్పు కిందికి తెచ్చుకునే ప్రయత్నంలో 19వ శతాబ్ది చివరి దశాబ్దాల్లో ఈ గృహకళ పుట్టింది. ఈనాడు లోకమంతా గుర్తుపట్టే హాలోవీన్ రూపం చాలావరకు ఆ గదిలోనే తయారైంది.

అలంకరణ లేని పండుగ

కోతలు ముగిసి చలికాలం మొదలయ్యే సంధికాలంలో ఐర్లండ్, స్కాట్లండ్‌లలోని గేలిక్ జనం సావిన్ పండుగ జరుపుకునేవారు. 8వ శతాబ్దంలో మూడో గ్రెగరీ పోపు రోమ్‌లో సకల పునీతుల పేరిట ఒక ప్రార్థనా మందిరాన్ని అంకితం చేశాడు. 835లో ఫ్రాంకుల రాజ్యంలో నవంబరు 1 సకల పునీతుల పండుగగా స్థిరపడింది. ఆ తర్వాత క్లూనీ మఠాధిపతి ఓడిలో చొరవతో నవంబరు 2 మృతుల ఆత్మల కోసం ప్రార్థించే రోజైంది. తెలుగు కతోలికులు సమాధుల పండుగ అని పిలిచేది ఆ రోజునే. పునీతుల పండుగకు ముందు రాత్రి కావడం వల్లే అక్టోబరు 31కి హాలోవీన్ అనే పేరు వచ్చింది. ఈ సుదీర్ఘ చరిత్రలో విందులున్నాయి, మంటలున్నాయి, ప్రార్థనలున్నాయి. మధ్యయుగపు ఐరిష్ కథల్లో సావిన్ నాటి సభలు, లోకాంతర జీవుల రాకపోకలు కనిపిస్తాయి. గోడలకు భయానక బొమ్మలు వేలాడదీసిన గది మాత్రం ఎక్కడా కనిపించదు.

18, 19 శతాబ్దాల ఆధారాలూ ఇదే చెబుతున్నాయి. స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ 1785లో రాసిన ‘హాలోవీన్’ కావ్యంలో పల్లె యువతీయువకులు నిప్పుల్లో గింజలు వేసి, తోటలో కేల్ మొక్కలు పీకి, అద్దంలో తొంగిచూసి తమ పెళ్లి జాతకాలు తెలుసుకోవాలని చూస్తారు. ఐర్లండ్‌కు చెందిన డేనియల్ మెక్లీస్ 1833లో ప్రదర్శించిన ‘స్నాప్ ఆపిల్ నైట్’ చిత్రంలో గది నిండా జనమున్నారు. కర్రలకు గుచ్చిన ఆపిళ్లను నోటితో అందుకునే ఆట, సంగీతం, నాట్యం కంటికి కడతాయి. రెండింటిలోనూ పండుగ ఇంట్లోకి వచ్చింది, కానీ దాన్ని నిలబెట్టింది ఆటే. ఆ గది మామూలు రోజుల గదే. టర్నిప్ దుంపను తొలిచి, ముఖం చెక్కి, లోపల వెలుగు పెట్టే అలవాటు అప్పటికే ఐర్లండ్, బ్రిటన్ పల్లెల్లో ఉన్నా, దాని చోటు ఎక్కువగా కిటికీ, గేటు స్తంభం, దారిన పోయేవారిని బెదిరించే పిల్లవాడి చెయ్యి. డోనెగల్‌లో దొరికిన అలాంటి ఒక దీపానికి తీసిన ప్లాస్టర్ అచ్చు మేయో కౌంటీలోని గ్రామీణ జీవన మ్యూజియంలో ఉంది. ముడుచుకుపోయిన ఆ ముఖం నిజంగానే భయపెడుతుంది. దాన్ని చెక్కింది బయటి చీకటి కోసమే గానీ గదికి అందం తేవడానికి కాదు.

గుమ్మడికాయ ఇంట్లోకి వచ్చిన తీరు

1845లో మొదలైన బంగాళాదుంప కరవు లక్షలాది ఐరిష్ ప్రజలను అమెరికాకు తరిమింది; వారి వెంట హాలోవీన్ ఆటలూ వెళ్లాయి. అక్కడ గుమ్మడికాయ సులువుగా దొరికేది. టర్నిప్ కంటే అది పెద్దది, తొలచడం తేలిక, లోపల సహజంగానే ఖాళీ ఉంటుంది. వలస వచ్చినవారు టర్నిప్‌ను వదిలి గుమ్మడిని పట్టుకున్నారనే కథ అందుకే బాగా నాటుకుంది. అయితే అది సగం నిజమే. న్యూ ఇంగ్లండ్ కవి జాన్ గ్రీన్‌లీఫ్ విటియర్ 19వ శతాబ్ది మధ్యలో రాసిన ‘ది పంప్కిన్’ కవితలో తన చిన్ననాటి గుమ్మడి దీపాలను తలుచుకున్నాడు. ఆ కవిత థాంక్స్‌గివింగ్ పండుగ గురించినది. విటియర్ పుట్టింది 1807లో కనుక ఆయన బాల్యం కరవు వలసలకు ముందటిది. అంటే అమెరికాలో ముఖం చెక్కిన గుమ్మడికాయ మొదట పంట చేతికొచ్చే కాలపు సరదా; హాలోవీన్‌తో దానికి ముడిపడింది తర్వాతే. ఆ ముడి బిగిసిన చోటు విందు గది. 1870ల నుంచి అమెరికా మహిళా పత్రికలు హాలోవీన్ గురించి రాయసాగాయి. స్కాట్లండ్, ఐర్లండ్ జాతకాల ఆటలు మధ్యతరగతి ఇళ్లలో యువతీయువకుల విందులకు వినోదమయ్యాయి. ఆ విందు గదుల్లో మొక్కజొన్న చొప్ప కట్టలు, రాలే కాలపు ఆకులు, ఆపిళ్లు పేర్చి, మధ్యలో గుమ్మడి దీపం పెట్టేవారు. తొలి అలంకరణలో దెయ్యాల కంటే పొలం ఎక్కువగా కనిపిస్తుంది.

కాగితం చేసిన గది

20వ శతాబ్ది మొదట్లో పొలం స్థానాన్ని కాగితం ఆక్రమించింది. హాలోవీన్ పోస్టుకార్డులు అప్పుడు జోరుగా అమ్ముడయ్యేవి. చంద్రబింబం ముందు చీపురెక్కిన మంత్రగత్తె, వీపు విల్లులా వంచిన నల్ల పిల్లి, నవ్వే గుమ్మడికాయ వాటి ద్వారా ఇంటింటికీ పరిచయమయ్యాయి. జర్మనీ నుంచి కాగితపు గుజ్జు దీపాలు, అచ్చుతో ఉబ్బెత్తుగా కత్తిరించిన అట్ట బొమ్మలు దిగుమతి అయ్యేవి. మొదటి ప్రపంచ యుద్ధం ఆ రాకకు అడ్డుపడి అమెరికన్ తయారీదారులకు దారి విడిచింది. మసాచుసెట్స్‌లోని డెనిసన్ కంపెనీ తన ముడతల కాగితం, అంటే క్రేప్ పేపరు, అమ్ముకోవడానికి 1909లో ‘బోగీ బుక్’ అనే చిన్న పుస్తకం వేసింది. 1912 నుంచి 1930ల మధ్యదాకా దాదాపు ఏటా కొత్త సంచిక తెచ్చింది. గోడకు ఏం కట్టాలి, దీపానికి ఏ తొడుగు వేయాలి, భోజనాల బల్ల మధ్య ఏం నిలపాలి, ఏ దుస్తులు కుట్టుకోవాలి అన్నీ అందులో బొమ్మలతో సహా ఉండేవి. గదిని ఒకే రంగుల కూర్పుతో, ఒకే భావంతో నింపాలన్న ఆలోచన జనంలో పాదుకోవడంలో ఈ పుస్తకాల పాత్ర పెద్దది.

పెన్సిల్వేనియాలోని షిప్పెన్స్‌బర్గ్ పట్టణానికి చెందిన బైస్టిల్ కంపెనీ తెరిస్తే తేనెపట్టులా విచ్చుకునే పల్చటి కాగితపు అలంకారాలకు పేరుపొందింది. కీళ్ల దగ్గర కదిలే అట్ట అస్థిపంజరం అమెరికన్ తరగతి గదుల్లో, ఇళ్ల తలుపుల మీద చిరపరిచితమైంది. ఇవన్నీ ఒక్క రాత్రికి కొని మర్నాడు పారేసే చవక వస్తువులు. అందుకే ఆనాటివి మిగిలినవి కొద్ది, సేకర్తలు వాటికి ఇచ్చే విలువ ఎక్కువ.

అల్లరికి విరుగుడు

ఇంత శ్రమ ఎందుకు పడ్డారన్న ప్రశ్నకు సమాధానం వీధిలో దొరుకుతుంది. 20వ శతాబ్ది తొలి దశాబ్దాల్లో అమెరికా పట్టణాల్లో హాలోవీన్ అంటే కుర్రాళ్ల ఆగడాల రాత్రి. గేట్లు ఊడబీకేవారు, కిటికీలు పగలగొట్టేవారు, బండ్లు తిరగేసేవారు. మిన్నెసోటాలోని అనోకా పట్టణం ఆ బెడద తప్పించుకోవడానికే 1920లో ఊరేగింపు, వేడుక ఏర్పాటు చేసి, తర్వాత తనను హాలోవీన్ రాజధానిగా చెప్పుకుంది. బడులు, చర్చిలు, సేవాసంఘాలు, తల్లిదండ్రులు అదే బాట పట్టారు. 1930ల నాటి విందు మార్గదర్శకాలు నేలమాళిగలో చీకటి దారులు వేసి, తడిమితే జలదరించే వస్తువులు వేలాడదీసి, పిల్లలను వరుసగా నడిపించమని సూచించాయి. తర్వాతి కాలపు భూతగృహాలకు ఇవే పూర్వరూపాలు. పిల్లలు వెతుక్కునే భయాన్ని కాదనకుండా, దానికి ఒక గది, ఒక వేళ, ఒక హద్దు ఏర్పరచడం ఈ ఉపాయంలోని తెలివి. అలంకరణ అందం కోసమే అనుకుంటే ఈ చీకటి దారులు అర్థం కావు. అదుపు కోసం కూడా అని గ్రహిస్తే అన్నీ ఒక వరుసలో కుదురుతాయి.

దీని గౌరవం ఎంత త్వరగా పెరిగిందో 1958 చెబుతుంది. ఆ ఏడాది అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ భార్య మేమీ ఐసెన్‌హోవర్ సిబ్బంది భార్యలకు ఇచ్చిన విందు కోసం వైట్‌హౌస్‌ను తొలిసారి హాలోవీన్ అలంకారాలతో నింపింది; అస్థిపంజరాలు, గుమ్మడికాయలు, మొక్కజొన్న చొప్ప దేశాధ్యక్షుని భోజనశాలకు చేరాయి. తొలి ‘బోగీ బుక్’కూ ఈ విందుకూ మధ్య గడిచింది అర్ధశతాబ్దం కన్నా తక్కువే.

వ్యాపారం సృష్టించినదేనా?

కాగితపు కంపెనీల పాత్ర చూసి, ఇదంతా సరుకు అమ్ముకోవడానికి పుట్టించిన పండుగే అనేవారున్నారు. ఈ వాదనలో బలముంది. అమెరికా రిటైల్ వర్తకుల సమాఖ్య 2023లో హాలోవీన్ ఖర్చు మొత్తం సుమారు 1,220 కోట్ల డాలర్లని, అందులో అలంకరణ వాటా సుమారు 390 కోట్ల డాలర్లని అంచనా వేసింది. కానీ కాలక్రమం ఈ వాదనకు అడ్డు వస్తుంది. మహిళా పత్రికల వ్యాసాలు, ఇంటి విందులు తొలి ‘బోగీ బుక్’ కంటే మూడు దశాబ్దాల పైచిలుకు ముందున్నాయి. ఆ పుస్తకం కూడా కాగితం అమ్మి ఊరుకోలేదు, కత్తిరించి అతికించే పని ఇంటివారికే అప్పజెప్పింది. వ్యాపారం ఈ కళకు ఒకే రంగులు, ఒకే బొమ్మలు, దేశవ్యాప్తమైన పోలిక ఇచ్చింది. కోరిక మాత్రం ఇళ్లలో ముందే ఉంది, దాన్ని పనిగా మలచింది ఎక్కువగా ఇల్లాళ్లు, ఉపాధ్యాయినులు. చరిత్ర పుటల్లో వారి పేర్లు లేకపోవడం ఈ కళకు జరిగిన అన్యాయం.

గది నుంచి వాకిట్లోకి

రెండో ప్రపంచ యుద్ధకాలపు చక్కెర కొరత తీరాక పిల్లలు ఇంటింటికీ తిరిగి మిఠాయి అడిగే ఆచారం అమెరికా అంతటా ప్రబలింది. పండుగ కేంద్రం విందు గది నుంచి గుమ్మానికి జరిగింది. అలంకరణ కిటికీకి, వరండాకు, పచ్చికకు పాకింది. 1978లో జాన్ కార్పెంటర్ తీసిన ‘హాలోవీన్’ సినిమా తర్వాత నెత్తురు, గాయాల బొమ్మలు పెరిగాయి. ఆ తరువాత గాలి నింపే భారీ బొమ్మలు వచ్చాయి. 2020లో హోమ్ డిపో దుకాణాలు 12 అడుగుల అస్థిపంజరాన్ని 299 డాలర్లకు అమ్మాయి. పరిమాణం పెరిగినంతగా చేతిపని మిగల్లేదు. ప్లాస్టిక్ చెత్తపై వస్తున్న విమర్శ న్యాయమైనదే. దానికి జవాబు ఈ కళ తొలిరోజుల్లోనే ఉంది. గుమ్మడి, ఆకులు, చొప్ప, కాగితం మళ్లీ మట్టిలో కలిసేవే. ఆ పాత పద్ధతిలో మానుకోవలసింది ఒక్కటే: కాగితం, ఎండు చొప్ప దగ్గర కొవ్వొత్తి వెలిగించడం. అవి క్షణాల్లో అంటుకుంటాయి. నేడు బ్యాటరీ దీపాలు ఆ ప్రమాదాన్ని తప్పించాయి.

మతపరమైన అభ్యంతరం

ఈ బొమ్మలు దుష్టశక్తులను ఇంట్లోకి పిలుస్తాయన్న ఆక్షేపణ కొన్ని క్రైస్తవ వర్గాల్లో బలంగా ఉంది. అమెరికాలోని తెలుగు ఇళ్లలోనూ ఈ సందిగ్ధం లేకపోలేదు. అక్కడ దసరా బొమ్మల కొలువు, హాలోవీన్, దీపావళి కొద్ది వారాల తేడాతో వస్తాయి. 2024లో దీపావళి సరిగ్గా అక్టోబరు 31నే పడింది. దీపం పెట్టే ఇంట్లో అస్థిపంజరమేమిటన్న పెద్దల ప్రశ్న సహజమైనది, దాన్ని మూఢత్వమని తోసేయకూడదు. తమ ఇంట్లో ఏది ఉండాలో నిర్ణయించుకునే హక్కు వారిదే. అయితే ఆ నిర్ణయానికి చరిత్ర ఇచ్చే సమాచారం స్పష్టం. గది అలంకరణలో ఆవాహన లేదు, పూజ లేదు, మంత్రం లేదు. దాని గ్రంథాలు విందు పుస్తకాలు, దాని నిపుణులు గృహిణులు, దాని ఉద్దేశం పిల్లల్ని వీధి ఆగడాల నుంచి ఇంటి వెలుగులోకి మళ్లించడం. ప్రాచీనతను ఆపాదించి దాన్ని ఆరాధించడమూ, అదే ప్రాచీనతను చూసి భయపడడమూ రెండూ పొరపాటే. నవ్వులాటగా చేసిన భయాన్ని ఇంటిల్లిపాదీ కలిసి ఒక గదిలో ఎదుర్కొనే ఆధునిక గృహకళగా దీన్ని గుర్తించడమే న్యాయం.