గంట మోగింది... లేచిందెవరు?

వరంగల్ నుంచి ఖమ్మం పోయే రోడ్డుమీద, మరిపెడ బంగ్లా దగ్గర మా అన్నకు ఎరువులూ విత్తనాల దుకాణం ఉంది. కింద దుకాణం, పైన ఇల్లు. సంక్రాంతికి నేను వెళ్లేసరికి ఆ దుకాణానికి నాలుగు కొత్త కళ్లు మొలిచాయి. కెమెరాలన్నమాట! ఒకటి రోడ్డు మీదికి, ఒకటి షట్టరు మీదికి, ఒకటి గల్లాపెట్టె మీదికి, ఇంకొకటి వెనక గోదాము వైపు.

"ఇగ మాకు రంది లేదు చెల్లే" అన్నాడు అన్న. "ఏం కదిలినా ఫోన్ల గంట మోగుతది."

మోగింది. అదే రాత్రి, పన్నెండు దాటిందో లేదో! అన్న కర్ర పట్టుకుని, వదినె టార్చిలైటు పట్టుకుని, వాళ్ల వెనక నేను... బిలబిలమంటూ కిందికి దిగాం. తీరా చూస్తే కెమెరా అద్దం మీద ఓ సాలెపురుగు తాపీగా గూడు అల్లుకుంటోంది. కంటికి అంత దగ్గరగా ఉంటే పురుగైనా ఏనుగంత కనిపించదూ మరి!

రెండో రాత్రి వీధికుక్క. మూడో రాత్రి లారీలు. ఆ రోడ్డుమీద తెల్లవార్లూ లారీలు పోతూనే ఉంటాయి. దీపాల వెలుతురు షట్టరు మీద పాకినప్పుడల్లా గంట. నాలుగో రాత్రికి అన్న ఫోను తలగడ కిందికి తోసేశాడు. అయిదో రాత్రి రెండున్నరకు మోగితే "ఆఁ, లారీ" అనుకుని అందరమూ అటు తిరిగి పడుకున్నాం.

అది లారీ కాదు. పక్కింటి అవ్వ. రాత్రిపూట బయటికని లేచి, కళ్లు తిరిగి మా షట్టరు ముందే పడిపోయింది. నాలుగింటికి పాలబ్బాయి చూసి తలుపు బాదేదాకా ఆ చలిలో అట్లాగే ఉంది. ప్రాణం దక్కింది గానీ తుంటి ఎముక విరిగింది. పొద్దున ఆ బొమ్మ చూస్తూ వదినె ఏడ్చిన ఏడుపు నేను మరిచిపోలేను.

"చెయ్యి ఊపింది చూడు వదినే! మూడుసార్లు ఊపింది. గీ ఫోను మూడుసార్లు మొత్తుకున్నది. మనమే లేవకపోతిమి!"

ఎప్పుడో బి.ఏ.లో చదువుకున్న చరిత్ర ఆ వారమంతా నా బుర్రలో తిరుగుతూనే ఉంది. కాపలా అనేది ఎప్పుడు పుట్టిందో గానీ, దానికి కావలసినవి మూడే. చూసే కన్ను, మోగే గంట, లేచే మనిషి. మొదటి రెంటికీ మనవాళ్లు ఏనాడూ లోటు చేయలేదు. తిప్పలంతా ఆ మూడోదానితోనే.

గోలకొండ చూసినవాళ్లంతా ఫతే దర్వాజా కింద నిలబడి చప్పట్లు కొట్టే ఉంటారు. ఆ చప్పుడు కిలోమీటరు దూరాన, కొండకొమ్మున ఉన్న బాలాహిసారులో వినపడుతుంది. పిల్లలకు అది వినోదం. కుతుబ్‌షాహీల కాలంలో కోటకు అదే ప్రాణరక్ష. కరెంటు లేదు, తీగ లేదు. గోడల కట్టుబడే గంట!

1687లో ఔరంగజేబు ఆ కోటను ముట్టడించి నెలల తరబడి కూర్చున్నాడు. ఒక రాత్రి మొగలు సైనికులు నిచ్చెనలు వేసుకుని చప్పుడు లేకుండా గోడ ఎక్కారు. అప్పుడు కోటను కాపాడింది ఎవరనుకున్నారు? ఒక ఊరకుక్క! అది మొరిగిన మొరుగుడుకు కావలివాళ్లు లేచి శత్రువును కిందికి తోసేశారు. తానాషా మురిసిపోయి ఆ కుక్కకు బంగారు గొలుసు వేయించాడని ఖాఫీఖాన్ తన చరిత్రలో రాశాడు. ఆ కుక్క అంతకుముందు ఎన్ని రాత్రులు పిల్లిని చూసీ నీడను చూసీ మొరిగిందో ఎవరూ రాయలేదు. ఆ రాత్రి కూడా "కుక్కేలే" అనుకుని పడుకుని ఉంటే కథ అక్కడితో సరి.

అదే ఏడాది సెప్టెంబరులో కోట పడిపోయింది. గోడ విరగలేదు. అబ్దుల్లాఖాన్ పన్నీ అనే సర్దారు లంచం తిని లోపలినుంచి తలుపు తీశాడు. గంట మోగించవలసినవాడే తలుపు తీస్తే చప్పట్లేం చేస్తాయి, కుక్కేం చేస్తుంది?

మన పల్లెల సంగతికి వస్తే, తెలంగాణలో చాలా ఊళ్లకు బురుజులుండేవి. ఇప్పుడు సిద్దిపేట జిల్లాలో ఉన్న బైరాన్‌పల్లి బురుజు పేరు వినే ఉంటారు. రజాకార్ల రోజుల్లో ఊరి యువకులు వంతులవారీగా దానిమీద కాపలా ఉండేవారు. దూరాన దుమ్ము లేస్తే నగారా మోగేది. నగారా మోగితే ఊరు ఊరంతా లేచేది. ఆడవాళ్లూ, పిల్లలూ, ముసలివాళ్లూ... ఎవరు ఏం చేయాలో ముందే తెలుసు. అట్లా లేచే దాడులను తిప్పికొట్టారు. చివరికి 1948 ఆగస్టు 27 తెల్లవారుజామున బలగంతో, ఫిరంగితో వచ్చి పడితే ఊరు నిలువలేకపోయింది. తొంభైమందికి పైగా చనిపోయారు. సరిగ్గా మూడు వారాలకు నిజాం లొంగిపోయాడు. ఓడిపోయిన ఊరే కావచ్చు, కానీ నగారా విని పడుకున్న ఊరు మాత్రం కాదు.

ఇక ఈ కెమెరా కాపలాను ఇంట్లోకి తెచ్చింది ఎవరో తెలుసా? ఒక ఆడది! న్యూయార్కులో మేరీ వాన్ బ్రిటన్ బ్రౌన్ అనే నర్సు. భర్తకూ ఆమెకూ డ్యూటీలు వేళాపాళా లేనివి. పేటలో దొంగల భయం. పిలిస్తే పోలీసులు ఎప్పటికో గాని వచ్చేవారు కాదు. ఒంటరిగా ఉన్న రాత్రి తలుపు చప్పుడైతే ఎలా ఉంటుందో మనలో ఎవరికి తెలియదు చెప్పండి! ఆమె భర్తతో కలిసి, తలుపుకు నాలుగు కంతలు పెట్టి, వాటి వెనక పైకీ కిందికీ జరిగే కెమెరా అమర్చి, పడకగదిలో తెరమీద వచ్చినవాళ్లు కనిపించేట్టు చేసింది. 1966లో దరఖాస్తు పెడితే 1969లో పేటెంటు వచ్చింది. అందులో నాకు నచ్చింది కెమెరా కాదు, ఒక మీట. అది నొక్కితే కాపలావాళ్లకో పోలీసులకో కబురు పోతుంది. చూడటం ఒక్కటే చాలదని, ఎవరో ఒకరు లేచి రావాలని ఆ నర్సుకు మొదటిరోజే తెలుసు.

2013లో ఉమ్మడి రాష్ట్రంలో జనం గుమిగూడే చోట్ల కెమెరాలు పెట్టాలని చట్టం వచ్చింది. 2022 ఆగస్టులో హైదరాబాదు బంజారాహిల్స్‌లో పోలీసుల కమాండ్ కంట్రోల్ సెంటర్ తెరిచారు. కళ్లకు కొదవ లేదు. అక్కడైనా, మా అన్న దుకాణంలోనైనా చిక్కు ఒకటే. అనవసరంగా మోగిన ప్రతి గంటా, అవసరానికి మోగబోయే గంట గొంతు కొంచెం నొక్కేస్తుంది. నాన్నా పులి కథ మనకు తెలియనిదా!

అందుకని మా మేనల్లుణ్ణి కూర్చోబెట్టుకున్నాం. "అత్తా, రోడ్డును వదిలేసి షట్టరు ముందర మటుకే గీత గీద్దాం. మనిషి కనవడితేనే మోగేటట్టు పెడుదాం" అన్నాడు. పురుగులు మూగే లైటును కెమెరాకు దూరంగా జరిపాడు. వారానికోసారి అద్దం తుడవడం వాడి పని. ఏ రాత్రి ఎవరి వంతో వదినె క్యాలెండరు మీద రాసింది. మోగితే ముందు ఫోనులో చూడాలి, దొంగైతే ఒంటరిగా దిగకూడదు, పక్కింటివాళ్లను లేపి 100కు చెప్పాలి. బైరాన్‌పల్లి పద్ధతే, నగారా ఒక్కటే మారింది!

ఉగాదికి మళ్లీ వెళ్లాను. అవ్వ చేతికర్రతో అరుగుమీద కూర్చుని ఉంది. ఆ రాత్రి రెండింటికి గంట మోగింది. వదినె వంతు. లేచి, ఫోను చూసి, కిటికీలోంచి కూడా ఒకసారి తొంగిచూసి వచ్చింది.

"కుక్కనే" అని పడుకుంది.

చూసి వచ్చి పడుకుంది!