ఏటూరునాగారం అభయారణ్యంలో వాతావరణ విద్య, సౌరశక్తి

2024 ఆగస్టు 31న ములుగు జిల్లా ఏటూరునాగారం అభయారణ్య పరిధిలోని తాడ్వాయి, మేడారం అడవిలో వీచిన పెనుగాలికి సుమారు 50 వేల చెట్లు నేలకూలాయి. అంతకు ముందటి ఏడాది జూలైలో ఇదే జిల్లాలోని లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసి రాష్ట్ర రికార్డును చెరిపేసింది. చెరిగిన రికార్డు కూడా 2013లో ఈ జిల్లాలోని వాజేడులో నమోదైనదే. ఉమ్మడి వరంగల్ పిల్లలకు వాతావరణ మార్పు గురించి చెప్పాలంటే ధ్రువప్రాంతాల మంచుతో మొదలుపెట్టనక్కర్లేదు.

అయితే ఒక్క గాలివానను చూపించి ఇదే వాతావరణ మార్పు అనడం శాస్త్రం కాదు. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోస్తుంది, అందువల్ల కుండపోత వానలకు అవకాశం పెరుగుతుంది. ఇంతవరకు ధైర్యంగా చెప్పవచ్చు. తాడ్వాయి గాలికి కారణం తేల్చాలంటే వేరే ఆధారాలు కావాలి. ఈ తేడాను గుర్తుపట్టగలగడమే వాతావరణ విద్యలో మొదటి మెట్టు అని నా అభిప్రాయం.

రెండో మెట్టు కరెంటు. ఈ అడవికి ఎంతో దూరం లేని చెల్పూరులో 1,100 మెగావాట్ల కాకతీయ థర్మల్ విద్యుత్ కేంద్రం సింగరేణి బొగ్గుతో నడుస్తోంది. బడిలో ఫ్యాను తిరగడానికీ ఆ పొగగొట్టానికీ ఉన్న సంబంధం చెప్పకుండా సోలార్ పలకను చూపిస్తే అది ప్రదర్శన వస్తువుగానే మిగులుతుంది.

అడవిలో సౌరశక్తి ఎక్కడ పనికొస్తుందో, ఎక్కడ పనికిరాదో పిల్లలే లెక్కగట్టగలరు. మార్చి నుంచి మే దాకా వాగులు ఎండిపోతాయి, జంతువులకు నీళ్లు కావాలి. ఎండ మండేదీ అప్పుడే. అందుకే తెలంగాణ అభయారణ్యాల్లో సాసర్ పిట్లు (జంతువులు నీళ్లు తాగే పళ్లెం లాంటి తొట్లు) నింపే సోలార్ బోర్లకు బ్యాటరీతో పనిలేదు. పైగా కరెంటు లైను లాగకపోతే వేటగాళ్లు కొక్కెం వేసి, దుప్పికో అడవిపందికో ఉచ్చు పన్నడానికి తీగే ఉండదు. నా దృష్టిలో అభయారణ్యంలో సౌరశక్తికి ఇంతకన్నా బలమైన సమర్థన లేదు. వానాకాలంలో లెక్క తారుమారవుతుంది. మబ్బు పట్టిన రోజుల్లో గూడెంలో దీపం వెలగాలంటే బ్యాటరీ కావాలి, అది పాడైతే మార్చే మనిషి కావాలి.

ఇక నీడ సంగతి. పలకలో ఒక మూల మీద కొమ్మ నీడ పడినా, ఆ చిన్న భాగానికి మించి ఉత్పత్తి పడిపోతుంది. ఎండ కోసం కొమ్మ కొట్టాలా, పలకను ఖాళీ జాగాకు మార్చాలా? ఈ ప్రశ్నకు చట్టంలో కొంత జవాబు ఉంది. 2006 అటవీ హక్కుల చట్టంలోని సెక్షన్ 3(2) గ్రామ అవసరాలకు అటవీ భూమి కేటాయించగల 13 సదుపాయాల్లో సంప్రదాయేతర ఇంధనాన్నీ చేర్చింది. ఒక్కోదానికి హెక్టారు కన్నా తక్కువ భూమే ఇవ్వాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి కొట్టకూడదు, గ్రామసభ సిఫారసు తప్పనిసరి. బడి పైకప్పు మీదో, తెరపి ఉన్న చోటో పలకలు పెడితే ఆ 75 చెట్ల ప్రసక్తే రాదు. భారీ సోలార్ పార్కుకు ఈ నిబంధనలో చోటు లేదు, ఉండకూడదు కూడా. ఏటూరునాగారం సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) పరిధిలోని ఆశ్రమ పాఠశాలల్లో ఈ సెక్షన్‌ను సామాన్యశాస్త్రంతో కలిపి చెప్పాలి. గ్రామసభలో రేపు చేయి ఎత్తవలసింది ఆ పిల్లలే.

పోడు పట్టాలున్న గిరిజన రైతులకు సోలార్ పంపుసెట్లు ఇచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం 2025 మేలో నల్లమలలోని మాచారంలో మొదలైంది. అవసరమైన పథకమే. అయితే బిల్లు రాని మోటారు పొద్దంతా నడిస్తే భూగర్భజలం ఎంత దిగుతుందో ఎవరో ఒకరు చూడాలి. ములుగు గూడేల్లో ఈ పంపులు పెట్టే ప్రతిచోటా బోరులో నీటిమట్టాన్ని పెద్దల తోడుతో బడిపిల్లలు నెలనెలా కొలిచి, ఆ అంకెను గ్రామసభలో చదివి వినిపించే ఏర్పాటు పథకంలోనే ఉండాలి.